ఫ్యాన్ ఆర్ట్ వేసేవాళ్లకు: బొమ్మలో మీ వాటా ఎంత, దాన్ని ఎవరికైనా ఎట్లా రాసివ్వాలి

రెండేళ్ల కిందట మా హీరో పుట్టినరోజు వారంలో తిరుపతి తిలక్ రోడ్డులో స్కూటీ మీద వెళ్తుంటే ఒక పెద్ద ఫ్లెక్సీ కనిపించింది, ఇరవై అడుగుల పొడవు ఉంటుంది, అందులో ఉన్న బొమ్మ నాది. మూడు రాత్రులు కూర్చుని ట్యాబ్‌లో గీసిన ఫ్యాన్ ఆర్ట్, అంటే అభిమానంతో గీసిన బొమ్మ. హీరో చుట్టూ మన శ్రీకాళహస్తి కలంకారీ అంచులా లతలు, నెమళ్లు, మధ్యలో గుర్రం. కుడివైపు కింద మూలలో నా సంతకం ఉండాలి, లేదు. ఆ ముక్క కత్తిరించేసి అభిమాన సంఘం సభ్యుల పాస్‌పోర్ట్ ఫొటోలు వరసగా పెట్టారు. బండి పక్కకు తీసి చాలాసేపు అట్లాగే చూస్తూ నిలబడ్డాను, ఏడుపొచ్చింది.

ఫ్లెక్సీ కింది అంచున ప్రింట్ చేసిన షాపు నంబరు ఉంటుంది కదా, అది పట్టుకుని వెళ్లాను. "వాట్సాప్‌లో వచ్చిందక్కా, యాడిదో మాకేం తెలుసు" అన్నాడు కంప్యూటర్ ముందున్న పిల్లవాడు. నేను గీసిందని ట్యాబ్‌లో లేయర్లు, అంటే బొమ్మ పొరలు, తెరిచి చూపిస్తే ఇంకో మాట అన్నాడు: "మొహం హీరోది గదక్కా, బొమ్మ నీదెట్లవుతుంది?"

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కాపీరైట్ చట్టం తెచ్చుకుని చదివాను, తెలిసిన లాయరు ఒకాయన్ని అడిగాను, అప్పుడు అర్థమైంది ఆ పిల్లవాడు చెప్పింది సగం నిజమని. మిగతా సగం నాది, ఆ సగాన్ని కాపాడుకోవడానికి నేను అప్పటిదాకా ఏమీ చేయలేదు. ఫ్యాన్ ఆర్ట్ వేసేవాళ్లు, ఫ్యాన్ ఫిక్షన్ (నచ్చిన సినిమా, నవల పాత్రలతో సొంత కథలు) రాసేవాళ్లు, ఎడిట్లు (సినిమా క్లిప్పులు కత్తిరించి కలిపే వీడియోలు), కవర్ సాంగ్స్ (ఉన్న పాటను మళ్లీ పాడటం) చేసేవాళ్లు మన తిరుపతి, చిత్తూరు వైపు ఇంత మంది ఉన్నారు, ఎవరికీ ఈ సంగతులు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అందుకే రాస్తున్నాను.

ముందు బొమ్మను విడదీయండి

మీరు చేసిన పని ఏదైనా సరే, ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు "నాది", కుడివైపు "వేరేవాళ్లది". నా బొమ్మకు నేను రాసుకున్నది చెప్తాను. కలంకారీ అంచు నాది, రంగులు నావి, గుర్రం నాది, మొత్తం కూర్పు నాది. కుడివైపు: హీరో నిలబడ్డ తీరు సినిమా స్టిల్ చూసి దించాను, కాబట్టి అది నిర్మాత హక్కులోకి వస్తుంది. సినిమా పేరు రాసిన అక్షరాల డిజైను, అదీ వాళ్లదే. కింద రాసిన డైలాగు, సినిమాదే. హీరో ముఖం మాత్రం వేరే లెక్క, దాని గురించి కింద చెప్తాను.

ఇట్లా విడదీయడం ఎందుకంటే, మీరు ఎవరికైనా ఇవ్వగలిగేది, ఎవరినైనా అడ్డుకోగలిగేది ఎడమవైపు ఉన్నదాంతోనే. కుడివైపు ఉన్నదాన్ని మీరు అమ్మలేరు, ఉచితంగానైనా రాసివ్వలేరు. ఫ్యాన్ పనుల్లో వచ్చే గొడవలన్నీ చాలావరకు ఈ గీత దగ్గరే మొదలవుతాయి.

మన దేశంలో దీనికి ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టం. ఐడియాకు కాపీరైట్ ఉండదు, ఆ ఐడియాను చెప్పిన తీరుకు ఉంటుంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఒక నాటకం, ఒక సినిమా రెండూ ప్రాంతీయ భేదాల గురించే అయినా, చెప్పిన తీరు వేరైతే కాపీ కింద రాదని. అంటే ఊరి పెద్దకు ఎదురు తిరిగిన కుర్రవాడి కథ మీరూ రాయొచ్చు, ఎవరిదీ కాదది. కానీ ఒక సినిమాలోని ఆ కుర్రవాడి పేరు, అతని మాటతీరు, అతని ఇంట్లోవాళ్లు, జరిగినవన్నీ అట్లాగే తీసుకుని తర్వాతి కథ రాస్తే అది ఐడియా దాటి వాళ్ల సొత్తులోకి వెళ్లినట్టే. పాత్రల మీద కూడా కోర్టులు హక్కు గుర్తించాయి, 1996లో ఢిల్లీ హైకోర్టు నాగరాజ్ అనే కామిక్స్ పాత్రను పోలిన ఇంకో పాత్రను ఆపింది.

మరి అనుమతి లేకుండా చేసిన ఫ్యాన్ పని మీద మనకు అసలు హక్కు వస్తుందా? బొమ్మలు, రచనల విషయంలో మీరు కొత్తగా చేర్చిన భాగం మీ సృష్టే, దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతే అడగడానికి వాదన ఉంటుంది. వీడియోలు, ఆడియో చేసేవాళ్లు మాత్రం 13వ సెక్షన్లోని మూడో భాగం ఒకసారి చదవండి. ఒక ఫిల్ములో చెప్పుకోదగ్గ భాగం వేరే పని మీది కాపీరైట్‌ను ఉల్లంఘించేదైతే ఆ ఫిల్ముకు కాపీరైటే ఉండదు, సౌండ్ రికార్డింగు కూడా అంతే. రాత్రంతా కూర్చుని ఫ్యాన్ ఎడిట్ చేసే తమ్ముళ్లకు ఇది చేదు మాట, నాకు తెలుసు. మీ కోత, మీ టైమింగు, మీ రంగుల గ్రేడింగు ఎంత బాగున్నా, అనుమతి లేని క్లిప్పులతో కట్టిన వీడియోను "నాది, తీసేయండి" అని ఇంకొకరి మీద ఫిర్యాదు చేయడానికి వెళ్లొద్దు.

"క్రెడిట్స్ టు ఓనర్" అని రాస్తే సరిపోదు

మా చిన్నాన్న కొడుకు చిత్తూరులో, గ్రీమ్స్‌పేటలో ఉంటాడు, హీరో ఎడిట్లు చేస్తాడు. ప్రతి వీడియో కింద "నో కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ ఇంటెండెడ్" అని రాస్తాడు. పది సెకన్లు దాటకపోతే ఏం కాదంటాడు. డబ్బు రావడం లేదు కదా అంటాడు. మూడూ తప్పే. మన చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. పేరు చెప్పడం మర్యాదే, అది అనుమతికి బదులు కాదు. డబ్బు తీసుకోకపోవడం అనేది కోర్టు శిక్ష తగ్గించడానికి చూసే సంగతే గానీ, తప్పును ఒప్పు చేసేది కాదు. తెలిసీ ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా రాసి ఉంది. అభిమానుల మీద అంత దూరం ఎవరూ వెళ్లరనుకున్నా, వెళ్లే హక్కు వాళ్లకుందని తెలిసి ఉండాలి.

ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే "ఫెయిర్ యూజ్" అమెరికా మాట, అంటే అడగకుండానే కొంతవరకు న్యాయంగా వాడుకోవచ్చనేది. మనది 52వ సెక్షన్, ఫెయిర్ డీలింగ్, దాని పరిధి చిన్నది: సొంత వాడకం లేదా పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన సంగతులు తెలియజేయడం. ఇంట్లో గోడకు పెట్టుకోవడానికి గీసుకున్న బొమ్మకు టెన్షన్ అక్కర్లేదు. సినిమాను విమర్శిస్తూ రెండు సీన్లు చూపిస్తే అదీ ఇందులోకి వస్తుంది. వ్యంగ్యం కూడా రావచ్చు, కేరళలో ఒక ప్రసిద్ధ నాటకాన్ని విమర్శిస్తూ రాసిన ఎదురు నాటకాన్ని 1996లో అక్కడి హైకోర్టు ఒప్పుకుంది, ఎందుకంటే అది మూల నాటకం భావాలనే ప్రశ్నించింది. కానీ అభిమానంతో అదే కథను ఇంకాస్త పొడిగిస్తే అది సమీక్షా కాదు, విమర్శా కాదు.

హీరో ముఖం సంగతి కాపీరైట్ కాదు, అది వ్యక్తిత్వ హక్కు. అమితాబ్ బచ్చన్ విషయంలో 2022లో, అనిల్ కపూర్ విషయంలో 2023లో ఢిల్లీ హైకోర్టు వాళ్ల పేరు, ఫొటో, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దని ఆదేశాలిచ్చింది. అభిమానంతో గీసి పోస్ట్ చేయడం ఒకటి, అదే ముఖాన్ని టీషర్టు మీద వేసి గాంధీ రోడ్డులో అమ్మడం వేరొకటి. రెండోది చేయాలంటే నిర్మాత అనుమతి ఒక్కటే చాలదు.

అనుమతి అడగాలంటే ఎవరిని అడగాలో కూడా చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు అభిమాన సంఘం జిల్లా అధ్యక్షుడిని అడిగి "అన్న ఓకే అన్నాడు" అని మొదలుపెట్టేస్తారు. సంఘానికి సినిమా మీద ఏ హక్కూ ఉండదు. స్టిల్స్, సీన్లు, టైటిల్ డిజైను కావాలంటే నిర్మాణ సంస్థను అడగాలి. పాట కావాలంటే సాధారణంగా ఆడియో కంపెనీని. నవల ఆధారంగా రాయాలంటే రచయితను, ఆయన లేకపోతే వారసులను, ప్రచురణకర్త దగ్గర ఏ హక్కులున్నాయో అది కూడా చూసుకుని. మెయిల్ పెట్టండి, నాలుగు లైన్లలో: ఏది వాడతారు, ఎక్కడ పెడతారు, డబ్బు తీసుకుంటారా లేదా, ఎన్నాళ్లు. జవాబు రాకపోతే అది ఒప్పుకోవడం కిందికి రాదు. వస్తే ఆ మెయిల్‌ను పారేయకండి.

పాతవి, అందరివీ అయినవి

ఎవరినీ అడగక్కర్లేనిది చాలా ఉంది, మనం వాడుకోం గానీ. రచనలు, సంగీతం, చిత్రాల మీద కాపీరైట్ ఆ సృష్టికర్త బతికున్నంత కాలం, చనిపోయిన తర్వాతి సంవత్సరం మొదటి రోజు నుంచి 60 ఏళ్లు. సినిమాలు, సౌండ్ రికార్డింగులకు విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. గురజాడ 1915లో పోయారు, ఎప్పుడో అందరివాడయ్యారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1950లో పోయారు, 2011 నుంచి ఆయన రచనలూ అంతే. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి 2043 చివరిదాకా ఆగాలి. బాపు గారు 2014లో, అంటే ఆయన బొమ్మలు 2074 దాకా ముట్టుకోవద్దు, ఆ గీతను చూసి నేర్చుకోండి గానీ ఆ బొమ్మనే దించి ప్రింట్లు అమ్మకండి.

మాయాబజార్ లెక్క చూడండి, చాలా మంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. 1957లో వచ్చింది. సినిమాగా దాని కాపీరైట్ 2017 చివరితో మన దేశంలో అయిపోయింది. ఘటోత్కచుడు మహాభారతంలోవాడు, వాడి మీద ఎవరికీ హక్కు లేదు. అట్లాగని అందులో పాటలన్నీ తీసుకోవచ్చా అంటే కాదు. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఆ సాహిత్యం 2031 చివరిదాకా రక్షణలో ఉంటుంది. ఘంటసాల 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీ అయితే 2034 దాకా. ఒకే సినిమాలో ఒక పొర అందరిదీ అయిపోయింది, ఇంకో పొర ఇంకా కాలేదు. తర్వాత రంగులు దిద్దిన ప్రింటు ఉంటే దాని సంగతి మళ్లీ విడిగా చూసుకోవాలి.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ ప్రతి రెండో ఇంట్లో ఒక పిల్ల అన్నమయ్య పాట పాడి అప్‌లోడ్ చేస్తుంది, ఏదో ఒక రోజు యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్, అంటే ఇది మాదని ఇంకొకరి దావా, వస్తుంది, వాళ్లమ్మ నాకు ఫోన్ చేస్తుంది: "అన్నమయ్య పాట మీద కాపీరైట్ ఏందే?" అని. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా ఉన్నారు, సాహిత్యం అందరిదీ. కానీ ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరే తప్ప స్వరం లేదు, మనం ఇవాళ పాడుకునే బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు, ఆయన కట్టిన బాణీ మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 2025లో పోయారు. ఆ హక్కు వారసులదో, ఉద్యోగంలో భాగంగా కట్టి ఉంటే ఆ సంస్థదో, ఎవరికైనా రాసిచ్చి ఉంటే వాళ్లదో అవుతుంది. దాని మీద మళ్లీ క్యాసెట్ కంపెనీ రికార్డింగు హక్కు వేరే. ఆ రికార్డింగునే కరోకే ట్రాక్‌గా వాడితే సాఫ్ట్‌వేర్ వెంటనే పట్టేస్తుంది. తంబురా పెట్టుకుని ఆ కీర్తనకు మీ పిల్ల సొంతంగా బాణీ కడితే, సాహిత్యం అన్నమయ్యది, బాణీ, రికార్డింగు మీవి, ఎవరూ ఏమీ అనలేరు. ఇట్లా కొత్త బాణీలు కట్టే పిల్లలు ఇంకా రావాలని నాకు చాలా ఆశ.

గుళ్లో, ఉత్సవంలో, టికెట్టు లేని కచేరీలో పాడటానికి 52వ సెక్షన్ చాలా వెసులుబాటు ఇచ్చింది, అక్కడ భయపడొద్దు. అప్‌లోడ్ చేయడం మాత్రం ఆ వెసులుబాటులోకి రాదు.

డబ్బు తీసుకుని గీస్తే ఎవరిది?

ఇది నాకు తెలిసిన ఆర్టిస్టుల్లో ఒక్కరికీ తెలియదు. మామూలుగా గీసినవాళ్లే మొదటి యజమాని. కానీ 17వ సెక్షన్లో ఒక మినహాయింపు ఉంది: ఎవరైనా అడిగి, డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నా, పెయింటింగు గానీ పోర్ట్రెయిట్ గానీ వేయించుకున్నా, సినిమా తీయించుకున్నా, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే కాపీరైట్ డబ్బిచ్చినవాళ్లదే. పెళ్లి రోజుకని భార్యాభర్తలను ఒక సినిమా జంటలా గీసివ్వమని 1,500 పంపిస్తారు, మీరు గీసిస్తారు. కాగితం లేకపోతే ఆ బొమ్మ మీద హక్కు వాళ్లకు పోయినట్టే, రేపు మీరు మీ పోర్ట్‌ఫోలియోలో ప్రింటు వేసి అమ్మాలన్నా వాళ్లను అడగాలి. ఒక్క లైను మెసేజ్ ముందే పంపితే ఈ మొత్తం తిరగబడుతుంది: "బొమ్మ మీకు సొంత వాడకానికి ఇస్తున్నాను, కాపీరైట్ నా దగ్గరే ఉంటుంది, మీకు సమ్మతమైతే అవునని జవాబివ్వండి." వాళ్లు అవునన్నాకే అడ్వాన్సు తీసుకోండి. అడ్వాన్సు తర్వాత ఈ మాట ఎత్తితే గొడవే.

ఫ్లెక్సీ షాపులోనో, డీటీపీ సెంటర్లోనో జీతానికి పనిచేస్తూ, పనిలో భాగంగా చేసినదైతే యజమానిది. రాత్రి ఇంటికొచ్చి సొంత సిస్టమ్ మీద మీ కోసం గీసుకున్నది మీది. ఇద్దరు కలిసి కామిక్ చేస్తే, ఒకరు కథ, ఒకరు బొమ్మలు అయితే ఎవరి భాగం వారిది. విడదీయలేనంతగా కలిసిపోతే ఇద్దరూ ఉమ్మడి యజమానులు, ఒకరికి తెలియకుండా ఇంకొకరు రాసివ్వకూడదు. ఎస్వీ యూనివర్సిటీ దగ్గర ఒక జట్టు ఇట్లాగే విడిపోయి, గీసిన అరవై పేజీలు ఇద్దరికీ కాకుండా పోయాయి. మొదటి పేజీ గీసే ముందే రాసుకోండి.

కాగితం ఎట్లా రాయాలి

రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. అసైన్‌మెంట్ అంటే హక్కునే రాసిచ్చేయడం, ఇల్లు అమ్మినట్టు. లైసెన్సు అంటే వాడుకోనివ్వడం, ఇల్లు బాడుగకిచ్చినట్టు. ఫ్యాన్ పనుల్లో మీరు ఇవ్వాల్సింది దాదాపు ఎప్పుడూ లైసెన్సే. అసైన్‌మెంటుకు రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. లైసెన్సు కూడా రాతలోనే ఉండాలి, ఐటీ చట్టం ప్రకారం మెయిల్ కూడా రాత కిందికే వస్తుంది. నోటిమాటను నమ్ముకోవద్దు.

గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లు అనుకుంటుంది. ఎక్కడికో రాయకపోతే భారతదేశం మొత్తం అనుకుంటుంది. హక్కు రాయించుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడకపోతే అది రద్దయిపోతుంది, కాగితంలో వేరేగా రాసి ఉంటే తప్ప. ఇవి 19వ సెక్షన్లో ఉన్నాయి, 30ఏ సెక్షన్ ద్వారా లైసెన్సులకూ వర్తిస్తాయి. మూడు రోజుల ఫ్లెక్సీ కోసం ఇచ్చిన బొమ్మ ఐదేళ్లు దేశమంతా తిరగడం మీకు ఇష్టమా? లేకపోతే గడువు, చోటు రాయండి.

నేను ఇప్పుడు వాడే కాగితం ఇది, మీరు మార్చుకుని వాడుకోండి:

"నేను గీసిన ఫలానా బొమ్మను, ఫలానా తేదీన పూర్తిచేసినదాన్ని, ఫలానా వారికి ఈ షరతుల మీద వాడుకోనిస్తున్నాను. ఇందులో నేను సొంతంగా గీసినవి: కలంకారీ అంచు, గుర్రం, రంగులు, కూర్పు. నావి కానివి: సినిమా పేరు, హీరో రూపం. వాటికి అనుమతి నేను ఇవ్వడం లేదు, అది తీసుకునేవారే చూసుకోవాలి. వాడుక: పది అడుగులకు ఎనిమిది అడుగుల ఫ్లెక్సీలు రెండు, తిరుపతి నగరంలో మాత్రమే, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా. సోషల్ మీడియాలో పెట్టాలంటే మళ్లీ అడగాలి. నా సంతకం తీయకూడదు, బొమ్మ కత్తిరించకూడదు, మార్చకూడదు. ఫైలు వేరేవాళ్లకు ఇవ్వకూడదు. ఇది ఎక్స్‌క్లూజివ్ కాదు, ఇదే బొమ్మ నేను ఇంకొకరికీ ఇవ్వొచ్చు. రుసుము ఇంత, ప్రింటుకు ముందు. షరతు తప్పితే అనుమతి ఆ రోజుతో రద్దు. కాపీరైట్ నాదే."

కాగితంతో పాటు ఫైలు కూడా చూసుకోండి. పొరలు విడివిడిగా ఉండే అసలు ఫైలు, పీఎస్‌డీ గానీ కోరల్ ఫైలు గానీ, ఎప్పుడూ ఇవ్వకండి, లేయర్లు వాళ్ల చేతికి వెళ్తే మీ అంచు రేపు ఇంకో హీరో చుట్టూ కనిపిస్తుంది. ప్రింటు సైజుకు సరిపడా జేపీజీ, సంతకం బొమ్మలో కలిసిపోయేలా గీతల మధ్యలో పెట్టి ఇవ్వండి. నేనిప్పుడు సంతకం మూలలో పెట్టను, గుర్రం జీను మీద పెడతాను. కత్తిరించాలంటే గుర్రాన్నే కత్తిరించాలి.

క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ముందే రాసిపెట్టిన అనుమతులు, చాలా మంది ఇష్టంగా పెడతారు, మంచివే, కానీ రెండు జాగ్రత్తలు. అవి మీ భాగానికే పెట్టగలరు, సినిమా స్టిల్ ఉన్న బొమ్మ మొత్తానికి సీసీ ముద్ర వేస్తే మీది కానిదాన్ని దానం చేసినట్టు. రెండోది, ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేరు, అప్పటికే తీసుకున్నవాళ్లకు ఆ హక్కు ఉండిపోతుంది. వ్యాపారానికి వద్దనుకుంటే ఎన్‌సీ ఉన్నది, మార్చొద్దనుకుంటే ఎన్‌డీ ఉన్నది ఎంచుకోండి. సీసీ జీరో అంటే అన్నీ వదులుకోవడం.

ఫ్యాన్ ఆర్ట్ పోటీలు, కథల పోటీల నిబంధనల్లో "పర్పెచ్యువల్", "ఇర్రివోకబుల్", "ఎక్స్‌క్లూజివ్", "అసైన్" అనే మాటలు వెతకండి. మొదటిది శాశ్వతం, రెండోది వెనక్కి తీసుకోలేనిది, మూడోది మీరు కూడా ఇంకెవరికీ ఇవ్వలేనిది, నాలుగోది హక్కే పోయేది. గెలిచిన ఒక్క బొమ్మకైతే ఆలోచించొచ్చు. పంపిన ప్రతి బొమ్మకూ అదే షరతు ఉంటే, రెండు వేల బహుమతి చూపించి వందల బొమ్మలు రాయించుకుంటున్నారన్నమాట. అట్లాంటి వాటికి పంపొద్దని మా పిల్లలకు గట్టిగా చెప్తాను. పద్దెనిమిది నిండనివాళ్ల తరఫున అమ్మానాన్నలే చదివి సంతకం పెట్టాలి.

ఎవరైనా ఎత్తుకుపోతే, లేదా మీకే నోటీసు వస్తే

కాపీరైట్ రావడానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు, గీసిన క్షణమే వస్తుంది. కానీ రిజిస్టర్ చేస్తే కోర్టులో మొదటి సాక్ష్యంగా నిలబడుతుంది. ఒక బొమ్మకో రచనకో 500 రూపాయలు, కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్లో ఇంటి నుంచే, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. అన్నిటికీ చేయక్కర్లేదు, పూర్తిగా మీ సొంతమైనవాటికి, అమ్మే వాటికి చేయండి. మిగతావాటికి లేయర్ల ఫైలు, స్కెచ్ దశల ఫొటోలు, తేదీతో మీకు మీరు పంపుకున్న మెయిల్ దాచండి.

సంతకం కత్తిరించినవాళ్ల మీద 57వ సెక్షన్ ఉంది. కాపీరైట్ అమ్ముకున్నా సరే, ఇది నా పని అని చెప్పుకునే హక్కు, పరువు పోయేలా పాడుచేస్తే అడిగే హక్కు సృష్టికర్తకు ఉండిపోతాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో తన కుడ్యశిల్పాన్ని తీసి పాడుచేశారని అమర్‌నాథ్ సెహగల్ ప్రభుత్వం మీదే కేసు వేసి, 2005లో గెలిచారు, శిల్పాన్ని తిరిగివ్వాలని, 5 లక్షల పరిహారం కూడా ఇవ్వాలని కోర్టు చెప్పింది.

ఆన్‌లైన్లో అయితే ముందు స్క్రీన్‌షాట్లు, లింకు, తేదీ. ఆ తర్వాతే మెసేజ్ పెట్టండి, ముందు మెసేజ్ పెడితే తీసేసి "మేం పెట్టలేదే" అంటారు. మర్యాదగా, మీ భాగం ఏదో చెప్పి, తీసేయాలా, సంతకం పెట్టి ఉంచొచ్చా, రుసుము ఎంతో అడగండి. వినకపోతే ప్లాట్‌ఫామ్‌కు రాతపూర్వక ఫిర్యాదు, మన నిబంధనల ప్రకారం 36 గంటల్లో తీసి, 21 రోజులు ఆపి ఉంచాలి. ఆలోగా కోర్టు ఆదేశం రాకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. కోర్టుకు వెళ్లే పరిస్థితే వస్తే, మీరు ఉండే చోటే దావా వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇస్తుంది, కానీ అప్పటికి లాయరును కలవండి. ఫిర్యాదులో మీ ఎడమవైపు కాగితంలో ఉన్నవే రాయండి. సినిమా స్టిల్ కూడా మీదే అన్నట్టు రాస్తే మొత్తం ఫిర్యాదు విలువ పోతుంది.

నోటీసు మీకే వస్తే కంగారుపడి ఛానల్ మొత్తం డిలీట్ చేయకండి. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (సాఫ్ట్‌వేర్ తనంతట పట్టేది) క్లెయిమ్ వేరు, స్ట్రైక్ (హక్కుదారు ఫిర్యాదు మీద వీడియో తీసేయడం) వేరు. క్లెయిమ్ వస్తే ఆదాయం వాళ్లకు పోతుంది లేదా వీడియో కనిపించదు, ఛానల్‌కు దెబ్బ లేదు. స్ట్రైక్ వస్తే 90 రోజులు ఉంటుంది, ఆ లోపల మూడు వస్తే ఛానలే పోవచ్చు. వచ్చిన వెంటనే ఆ వీడియోకు కాగితం మీద గీత గీయండి. కుడివైపే నిండుగా ఉంటే వీడియో వదిలేయండి, హక్కుదారుకు క్షమించమని మెయిల్ పెట్టి స్ట్రైక్ వెనక్కి తీసుకోమని అడగండి, చాలాసార్లు తీసుకుంటారు. పూర్తిగా మీదైతేనే, లేదా రాతలో అనుమతి చేతిలో ఉంటేనే కౌంటర్ నోటిఫికేషన్, అంటే తీసేయడం తప్పని చెప్పే ఎదురు నోటీసు, వేయండి, ఎందుకంటే అది మీ అసలు పేరు, చిరునామాతో వాళ్లకు వెళ్తుంది, పది పనిదినాల్లో వాళ్లు కోర్టుకు వెళ్లినట్టు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది, చూపితే మాత్రం విషయం కోర్టులోనే తేలాలి.

ఆ తిలక్ రోడ్డు ఫ్లెక్సీ గురించి నేను ఫిర్యాదు చేయలేదు. అప్పటికి ఈ కాగితాలేవీ నా దగ్గర లేవు, పైగా ఆ హీరో నిలబడ్డ తీరు నేనూ అడగకుండానే దించాను. మరుసటి ఏడాది మాత్రం అదే షాపుకు నేనే వెళ్లి, అంచులు, గుర్రాలు, నెమళ్లు ఉన్న ఎనిమిది డిజైన్లు చూపించాను, ఎవరి ముఖమూ లేనివి. మధ్యలో ఖాళీ వదిలి, ఏ హీరోకైనా ఏ ఊరి సంఘానికైనా పనికొచ్చేలా. ఒక్కో వాడకానికి 300, తిరుపతి జిల్లా వరకే, జీను మీద సంతకం తీయకూడదు. ఆ పిల్లవాడు కాగితం రెండుసార్లు చదివి, "ఇది మొత్తం నీదే గదక్కా" అని సంతకం పెట్టాడు.